తారీఖు లేని సముద్రం

మా ఆఫీసులో పద్నాలుగు మందిమి. అందరిదీ ఓడల పనే. మాలో సముద్రం చూసింది ఒక్క పిల్ల. అదీ పెళ్లయిన కొత్తలో వైజాగ్ పోయి, ఒక పూట ఒడ్డున నిలబడి, కొత్త చెప్పుల జత అలలకు అప్పగించి వచ్చింది. మిగతా మేమంతా వరద కాలువ నిండితే చూడటానికి పోయి అబ్బో అనుకునేవాళ్లం. జగిత్యాలలో కింద ఎరువుల దుకాణం, పైన మా ఆఫీసు. యూరియా వాసన పీలుస్తూ మెట్లెక్కి, కుర్చీల్లో కూర్చుని, సాయంత్రం దాకా నీళ్లు చూస్తాం.

చెప్పుకుంటే పని చిన్నదే. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు సముద్రాన్ని ఫోటోలు తీస్తాయి. ఏదో దేశపు కంపెనీ ఆ ఫోటోలను ముక్కలు ముక్కలుగా కోసి మాకు పంపిస్తుంది. ముక్కలో ఓడ కనిపిస్తే దాని చుట్టూ గీత గీసి డబ్బాలో పెట్టాలి. అది నూనె ఓడా, సరుకు ఓడా, చేపల పడవా అని గుర్తు పెట్టాలి. ఏమీ లేకపోతే ‘నీళ్లు’ అన్న మీట నొక్కాలి. ఆ ఫోటో పోతుంది, ఇంకోటి వస్తుంది. మేము గీసిన డబ్బాలను చూసి చూసి యంత్రం ఓడలను గుర్తుపట్టడం నేర్చుకుంటుందట. పెద్ద ఓడలు తాము ఎక్కడున్నదీ తామే చెప్పుకునే పరికరం ఒకటి మోస్తాయి. దొంగ సరుకు మోసేవాళ్లు, పరాయి నీళ్లలో చేపలు పట్టేవాళ్లు దాన్ని ఆపేసి తిరుగుతారు. అట్లాంటివాళ్లను పైనుంచి పట్టుకోవడానికే ఈ చదువంతా.

మొదటి రోజే మాకు రెండు సంగతులు గట్టిగా చెప్పారు. ఒకటి, తెర మీద ఐదు చుక్కల కన్నా చిన్నగా ఉన్నది ఏదైనా సరే నీళ్ల కిందే లెక్క. అది అల కావచ్చు, నురగ కావచ్చు, కొట్టుకుపోతున్న చెత్త కావచ్చు, దానితో మాకు పని లేదు. రెండు, ఏ ఫోటో మీదా చోటు గానీ తేదీ గానీ ఉండవు. ఏ సముద్రమో, ఏ నెలో, ఏ సంవత్సరమో మాకు తెలియకూడదని కంపెనీ ముందే తీసేసి పంపిస్తుంది. మీట నొక్కి పంపాక ఆ ఫోటో మళ్లీ మా కంటపడదు.

కోరుట్ల నుంచి రోజూ బస్సులో పోయొస్తాను. అంతకుముందు ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఈ ఉద్యోగంలో చేరినప్పుడు మా అమ్మ, “కాలువల కాలు పెట్టాలంటె భయపడేదానివి, నీకు సముద్రం పని ఏందే” అని నవ్వింది. పెళ్లిళ్లలో చుట్టాలు ‘ఓడల మేడం అచ్చింది’ అనేవాళ్లు. ఒకాయన, “ఓడ ఎంతకొస్తది, మా పొలం కాడికి ఒకటి తెప్పియ్యరాదు” అన్నాడు. “మీ బాయిల పట్టేదైతే జెప్పు మామా, తెప్పిస్త” అన్నాను. ఆయన తర్వాత నన్ను పలకరించలేదు. నాకు నోరు ఎక్కువని మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న సంగతే. ఇప్పుడు రాస్తున్నది ఆ నోటిని తెరవకూడని చోట తెరిచిన సంగతి.

మా చిన్నమ్మ కూతురు నాకంటే నాలుగేళ్లు చిన్నది. కోరుట్లలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ ఒకటే గోడ. గోడ మీది నుంచే కూరగిన్నెలు మారేవి, తగవులు నడిచేవి. ఇంట్లో ఇంకో తోబుట్టువు లేని నాకు ఆమే చెల్లె. ఇబ్రహీంపట్నం దిక్కు ఒక ఊరికి ఇచ్చారు. కొంచెం పసుపు, కొంచెం వరి, ఆరేళ్ల బిడ్డ, అత్త. ఆమె పెనిమిటి, నాకు మరిది వరస, మాటకారి. గల్ఫ్ పోయి మొదట బిల్డింగుల మీద పని చేశాడు, తర్వాత రేవులో ఒక చిన్న పడవ మీద కుదిరాడు. దూరంగా లంగరు వేసి నిలబడ్డ పెద్ద ఓడలకు తాగే నీళ్లు, కూరగాయలు చేరవేసే పడవ అది. ఆయనకు ఈత రాదు. “పడవకు అస్తది గద వదినా, మల్ల నాకెందుకు” అనేవాడు.

నా పని సంగతి తెలిసినప్పటి నుంచి ఆయనకు నాతో ఒకటే ఆట. ఒకసారి ఫోన్లో, “వదినా, నువ్వు మీదికెల్లి సూస్తవట గద. రేపు పొద్దుగాల చెయ్యి ఊపుత, జెర సూడు” అన్నాడు.

“నీ చెయ్యి నాకేం కనపడది మరిదీ. ఐదు చుక్కలంత లావు ఉంటెనే సూస్త. అంతకు తక్కువున్నదంత మాకు నీళ్లే” అన్నాను.

“అయితె జెర లావైనంక ఊపుత తియ్” అన్నాడు. పక్కన మా చెల్లె పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నాట్లు పడుతున్న రోజుల్లో కబురు వచ్చింది. పడవలో నలుగురు పోయారు, ఓడకు కూరగాయలు దించారు, తిరుగుదారిలో గాలి లేచింది, పడవ రేవుకు చేరలేదు. వారం రోజులు వెతికారట. పడవా దొరకలేదు, మనుషులూ దొరకలేదు. అక్కడి నుంచి ఫోన్ చేసిన మనిషి ‘చనిపోయాడు’ అనలేదు. ‘మిస్సింగ్’ అన్నాడు. మా చెల్లె ఆ ఒక్క మాటను పట్టుకుని కూర్చుంది.

ఆయన చివరగా పంపిన వాయిస్ మెసేజ్ ఆమె ఫోన్లో ఉంది. నేనూ విన్నాను. “వాపసు అస్తున్నం. బిడ్డకు పన్ను ఊడిందన్నవు గద, పారెయ్యకు, దాసిపెట్టు, నేనచ్చినంక సూస్త” అంటాడు. మాట వెనక పడవ ఇంజను చప్పుడు డబడబమని వస్తుంటుంది. మాట అయిపోయాక కూడా కాసేపు ఆ చప్పుడు నడుస్తుంది, ఉన్నట్టుండి ఆగుతుంది. ఆగిన తర్వాత ఒకటి రెండు క్షణాల నిశ్శబ్దం. అక్కడితో మెసేజ్ ముగుస్తుంది. ఇంజను ఆగిందో, ఆయన చెయ్యే ఫోన్‌కు అడ్డం పడిందో ఎవరికి తెలుసు? మా చెల్లెకు మాత్రం పొలం కాడి నీళ్ల మోటరు నడుస్తూ నడుస్తూ కరెంటు పోయి ఆగిందంటే చాలు, చేతిలో పని వదిలేసి వాకిట్లోకి ఉరికేది. గేటు పట్టుకుని రోడ్డు చూసేది. మళ్లీ కరెంటు వచ్చేదాకా లోపలికి వచ్చేది కాదు.

అది జరిగిన రెండు వారాలకు అనుకుంటాను, ఆఫీసులో నా తెర మీదికి ఒక ఫోటో వచ్చింది. బూడిద రంగు నీళ్లు. మధ్యలో తెల్లటి మచ్చ, మూడు చుక్కలంత. పక్కనే, కొంచెం ఎడంగా, ఇంకొక్క చుక్క. నడుస్తున్న పడవకు వెనక తెల్లటి తోక ఉంటుంది, దీనికి లేదు. అలలైతే వరుసగా ఉంటాయి, అక్కడ ఇంకే మచ్చా లేదు. ఇదంతా నేను తర్వాత ఆలోచించుకున్నది. అప్పుడు మాత్రం నా చెయ్యి దాని పని అది చేసేసింది. ‘నీళ్లు’ నొక్కింది. ఇంకో ఫోటో వచ్చింది.

బస్సు మెట్‌పల్లి రోడ్డెక్కాక నాకు తట్టింది, ఆ మచ్చ మరిది పడవేమో, పక్కనున్న చుక్క మనిషేమో అని. ముందు సీటు కడ్డీకి తల ఆనించాను. పక్క సీటు ఆమె, “ఏమైందవ్వా, కళ్లు తిరుగుతున్నయా” అని నీళ్ల సీసా ఇచ్చింది. నేను తాగలేకపోయాను.

మర్నాడు మా పని చూసే లీడ్‌ను అడిగాను, పంపిన ఫోటో వెనక్కి తెప్పించగలమా అని. ఆ అబ్బాయి నాకంటే చిన్నవాడు, మంచివాడు. విషయమంతా విన్నాడు.

“మేడం, అది ఏ సముద్రమో నాకూ తెల్వది. రెండేండ్ల కింది ఫోటోలు గూడ అస్తయి. మీరు గట్ల ఆలోచిస్తే ఈ కుర్చీల ఎవ్వలం కూసోలేం” అన్నాడు.

అది నిజమని నాకు తెలుసు. లెక్కలు చెప్పినదాన్ని, అంత పెద్ద నీళ్లలో ఆ ఒక్క ముక్క ఆ చోటిదే, ఆ రోజుదే కావడం జరిగే పని కాదని ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. తెలిసీ ఏం లాభం? అన్నం వండటానికి బియ్యం ఏరుతుంటే, తెల్లటి గింజల మధ్య నూక కనిపించి చెయ్యి ఆగిపోయేది. ఆఫీసులో మూడు చుక్కలకూ రెండు చుక్కలకూ కూడా డబ్బాలు గీయడం మొదలుపెట్టాను. అవన్నీ నా తప్పుల లెక్కలో పడేవి. లీడ్ ఒకసారి మెత్తగా చెప్పాడు, ఇంకోసారి కాస్త గట్టిగా చెప్పాడు. మానేశాను. ‘నీళ్లు’ నొక్కిన ప్రతిసారీ ఎవరినో నీళ్లలో వదిలేసి వస్తున్నట్టే ఉండేది.

ఆ సంగతి మా చెల్లెకు చెప్పలేదు. చెప్పి ఏమనాలి? నీ పెనిమిటి చెయ్యి ఊపాడేమో, నేను చూడలేదు అనాలా?

ఆమెకు కావలసింది ఒక్కటే. బతికున్నాడో లేడో ఎవరైనా తేల్చి చెప్పాలి. కంపెనీ తేల్చలేదు. అక్కడి అధికారులు తేల్చలేదు. ఎవరో చెబితే ఇద్దరం సిరిసిల్ల పోయాం. బొంబాయిలో ఓడల కేసులు చూసే వకీలు దగ్గర ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి సొంతూరు చేరిన పెద్దమనిషి ఒకాయన అక్కడ ఉన్నాడు. ఆయన ఇంటి సందులో అటూ ఇటూ సాంచాలే. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. ఆ చప్పుడుకు నేను చెవులు మూసుకుంటే, మా చెల్లె చెవి పెట్టి వింటూ నడిచింది. మేము అరుగెక్కే సమయానికి కరెంటు పోయింది. సందులో సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆమె నా మణికట్టు పట్టుకున్న పట్టుకు గోళ్లు దిగాయి. నాకు కూడా ఆ నిమిషంలో ఎవరో మా వెనక నిలబడ్డట్టు అనిపించింది. తిరిగి చూసే ధైర్యం చేయలేదు.

పెద్దమనిషి కాగితాలన్నీ కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చదివాడు.

“పడవ సొంతదారుడు ఒక దేశపోడమ్మా. దాని మీది జెండా ఇంకో దేశంది. మునిగింది మల్లొకళ్ల నీళ్లల్ల. చట్టం లెక్కల పడవ మీదున్న మనిషి, ఆ జెండా దేశంల ఉన్నట్టే” అన్నాడు.

“గా దేశం పేరు గూడ ఆయనకు ఎర్క ఉండది సార్” అంది మా చెల్లె.

“ఎవ్వలకు ఎర్క ఉండది బిడ్డా. పన్ను తక్కువని జెండా కిరాయికి తెచ్చుకుంటరు.”

మన కోర్టు సంగతి కూడా ఆయనే చెప్పాడు. ఏడేళ్లు ఎవరికీ ఏ కబురూ లేకపోతే మనిషి పోయినట్టు అనుకోమని చట్టం చెబుతుంది. అప్పటిదాకా పోయాడని చూపించాల్సింది పోయాడన్నవాళ్లే. శవం లేదు, చూసినవాళ్లు లేరు.

తర్వాత ఆయన పాత సంగతి ఒకటి చెప్పాడు. బొంబాయిలో వెనకటి ఓడల హాజరు పుస్తకాలు ఆయన చేతుల్లో పడ్డాయట. “సముద్రంల పోయినోని పేరు పక్కపొంటి కప్తాను అంకెలు రాసెటోడు. గప్పుడు ఓడ యాడున్నదో జెప్పే అంకెలు. తారీఖు రాసెటోడు. బొందలేనోనికి గదే బొంద” అన్నాడు.

మా చెల్లె ముందుకు వంగింది. “మా ఆయనకు గా అంకెలన్న ఉన్నయా సార్?”

“చిన్న పడవకు గా పుస్తకం ఉండదు బిడ్డా. యాడున్నదో జెప్పే మిషిని పెట్టాలన్న రూలు గూడ లేదు” అని కాగితాలు మడిచి ఇచ్చేశాడు. కాఫీ ఇప్పించాడు. ఆమె తాగలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూసి, “అక్కా, పుస్తకం లేదు, మిషిని లేదు. ఇగ నువ్వే ఉన్నవు. దినాం సముద్రం సూస్తవు గద. ఎన్నడన్న నీకే కనపడతడు” అంది.

“సూస్త” అన్నాను.

నాలుగు నెలలు గడిచాయి. మా చెల్లె మనిషి సగమైంది. పండుగకు వండుకోలేదు, ఎవరింటికీ పోలేదు, ఫోన్ చార్జింగు అయిపోతుందని కరెంటు స్విచ్చు దగ్గరే చాప వేసుకుని కూర్చునేది. బిడ్డకు జడ వెయ్యడం కూడా వాళ్ల నానమ్మే చూసుకునేది. ఇక అత్తకు కలలు మొదలయ్యాయి. కొడుకు తడి బట్టలతో వాకిట్లో నిలబడతాడట. లోపలికి రా బిడ్డా అంటే రాడట, పో అంటే పోడట. “కాలవెట్టంది వాడు ఇంట్లకు రాలేడు, పోయేకాడికి పోలేడు” అని ఆమె వచ్చినవాళ్లందరి ముందూ ఏడ్చేది. కులపెద్దలు వచ్చి, గడ్డితో మనిషి బొమ్మ చేసి కర్మ చేయొచ్చని, అట్లా చేసినవాళ్లు ఇంతకుముందు ఉన్నారని చెప్పారు.

మా చెల్లె ఒప్పుకోలేదు. “సూసినోళ్లు ఎవలన్న సూసిన అని జెప్తె చేస్త. మీ కలలకు నేను ఆయనను కాలవెట్ట” అంది.

ఒక ఆదివారం పొద్దున నన్ను వాళ్ల ఊరికి పిలిపించారు. వాకిట్లో కుర్చీల్లో నలుగురు పెద్దలు, గడపలో అత్త, గోడకు ఆనుకుని కింద మా చెల్లె. ఆమె చేతులు చూశాను. గాజులు మోచేతుల దాకా జారుతున్నాయి. వారం రోజులుగా చాయ్ నీళ్లు తప్ప ఏమీ తీసుకోవడం లేదని మా చిన్నమ్మ నా చెవిలో చెప్పింది.

“అక్క జెప్తె వింట” అంది మా చెల్లె అందరితో. తర్వాత నా వైపు తిరిగింది. “అక్కా, ఏమన్న కనపడ్డదా? కనపడకుంటె కనపడలేదను. ఏడేండ్లు సూస్త.”

ఏడేళ్లు ఈ మనిషి ఉండదు అనుకున్నాను. ఏడు వారాలు ఉండదు అనుకున్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది రాసేదే అందుకు. ఆ బూడిద రంగు నీళ్లలో మూడు చుక్కల మచ్చ నన్ను తింటోంది. అది ఆయనదేనని ఎవరితోనైనా అనేస్తే నా గుండె మీది బరువు కొంచెం దిగుతుందని ఆశపడ్డాను. ఆమె కోసం ఎంత అన్నానో, నా కోసం ఎంత అన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను.

“కనపడ్డది” అన్నాను. “పడవ బోర్లపడి ఉన్నది. మీద ఎవ్వలు లేరు.”

“ఎప్పటిది?”

“ఆయన పోయిన రెండో నాటిది. ఫోటో మీద తారీఖు ఉన్నది.”

“యాడ?”

“రేవుకు ఇరవై మైళ్ల దూరం. అది గూడ రాసున్నది.”

“ఇన్ని దినాలు ఎందుకు జెప్పలేదు?”

“నోరు రాలే” అన్నాను. ఆ మొత్తంలో అదొక్కటే నిజం.

ఆమె అరవలేదు. తల గోడకు ఆనించి కళ్లు మూసుకుంది. అత్త గుండెలు బాదుకుంటూ లేచింది. ఒక పెద్దాయన నా తల మీద చెయ్యి పెట్టి, “మంచి పని చేసినవు బిడ్డా” అన్నాడు. ఆ చెయ్యి విదిలించి కొట్టాలనిపించింది.

గడ్డితో బొమ్మ చేశారు. ఆయన లుంగీ, గళ్ల చొక్కా తొడిగారు. చొక్కా వదులైతే మా చెల్లె తానే పోయి ఇంకో పిడికెడు గడ్డి లోపల కుక్కి, బొత్తాలు సరిగా పెట్టింది. వాగు ఒడ్డున కాల్చారు. గడ్డి కదా, ఎంతసేపు, పొయ్యి మీద పాలు పొంగేంతసేపు కూడా పట్టలేదు. మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి అందరూ దూరం జరుగుతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. ఎంతసేపు చూడాల్సి వస్తుందోనని నేను చెట్ల వైపే చూస్తున్నాను. మేము నాలుగడుగులు వెనక్కి వేయకముందే కాకి వచ్చి కోడికూర ముక్క ఎత్తుకుపోయింది. ‘చూసినవా, వాడు శాంతించిండు’ అన్నారు అందరూ. నా అబద్ధానికి కాకి కూడా సాక్ష్యం చెప్పింది. అంతకన్నా భయం నా జీవితంలో ఎరగను.

దినాల నాడు ఆమె గాజులు తీశారు, మెట్టెలు తీశారు, పుస్తెలు తీశారు. ఒక చెయ్యి నేనే పట్టుకుని ఉన్నాను.

అయితే ఆ తర్వాత ఆమె తిన్నది. పడుకుంది. మోటరు ఆగితే గేటు దాకా ఉరకడం మానింది. బిడ్డను తీసుకుని కోరుట్లలో తల్లి దగ్గరికి వచ్చింది, బడిలో చేర్పించింది. గోడ అవతల ఆమె వాకిలి ఊడ్చే చప్పుడు వింటూ, నేను చేసింది మంచిపనే అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. కొన్ని రోజులు నమ్మాను కూడా.

ఒకరోజు గోడ మీది నుంచి, “అక్కా, మీ ఆఫీసుల మనుషులు కావాల్నట గద. నేను ఇంటర్ పాసైన. నన్ను తీసుకుంటరా?” అని అడిగింది.

కళ్లు పాడైతాయన్నాను. బస్సుల్లో తిరగడం కష్టమన్నాను. బిడ్డ చిన్నది అన్నాను. “నువ్వు తిరుగుతలేవా” అంది. అప్పుడే చెప్పాల్సింది. చెబుదామని మూడు సాయంత్రాలు గోడ దాకా పోయి ఉప్పు అడిగి వచ్చాను. నాలుగోనాడు ఆమె తానే లీడ్‌కు ఫోన్ చేసి మాట్లాడుకుంది. అంత నోరున్న నాకు ఒక్క మాట రాలేదు.

లీడ్ ఆమెను నా పక్క కుర్చీలోనే కూర్చోబెట్టి నన్నే నేర్పమన్నాడు. డబ్బా గీయడం చూపించాను. నూనె ఓడకూ సరుకు ఓడకూ తేడా చూపించాను. తొందరగా పట్టుకుంది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పేసరికి సొంతంగా గీస్తోంది. చేపల పడవలు కనిపిస్తే దగ్గరికి వంగి చూస్తోంది. నేను ఆమె తెరను చూడకుండా నా తెరను చూస్తూ కూర్చున్నాను, ఏమి చూశానో నాకు తెలియదు.

తిన్న తర్వాత ఆమె ఒక ఫోటోను పెద్దది చేసింది, చిన్నది చేసింది. నాలుగు మూలలూ వెతికింది.

“అక్కా, ఊరు పేరు యాడ కనపడతది?”

“కనపడది” అన్నాను.

“తారీఖు?”

ఆమె నా ముఖం చూడలేదు, తెర వైపే చూస్తోంది. “ఒక్కొక్క దానికన్న ఉంటదా?” అని అడిగింది. అది నాకు తప్పించుకునే దారి ఇవ్వడానికే అడిగిందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

నేను నోరు తెరిచేలోపు ఎదురు వరుసలోని పిల్ల తల తిప్పకుండానే జవాబిచ్చింది. “యాడిదో ఎప్పటిదో మనకు జెప్తె కంపెనోళ్లు ఊకుంటరా అక్కా? ఒక్కదానికి గూడ ఉండది.”

మా చెల్లె మౌస్ మీద చెయ్యి అట్లాగే ఉంచింది. తెర మీద నీళ్లు. ఎంతసేపు ఉందో తెలియదు. తర్వాత ‘నీళ్లు’ నొక్కింది. సాయంత్రం దాకా పని చేసింది. ఒక్క తప్పూ రాలేదని లీడ్ మెచ్చుకున్నాడు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. కోరుట్ల ఇంకా రాకముందు, ముందు సీటు కడ్డీని చూస్తూ అడిగింది.

“మరి ఎందుకు జెప్పినవు?”

“నువ్వు సచ్చిపోతవని భయమైంది” అన్నాను. మూడు చుక్కల మచ్చ సంగతి కూడా చెప్పాను. మీట నొక్కిన సంగతి చెప్పాను. ఏడుస్తూ చెప్పాను, బస్సులో జనం చూస్తున్నారని కూడా చూసుకోలేదు. ఆమె అంతా విన్నది. బస్సు దిగి, నాకంటే ముందు నడిచి, వాళ్ల గేటు తీసుకుని లోపలికి పోయింది. ఆ సాయంత్రం గోడ అవతల చప్పుడేమీ లేదు.

తెల్లవారి నేను బస్టాపుకు పోయేసరికి ఆమె అక్కడే ఉంది. కాళ్లకు మెట్టెలు. చేతులకు నిండా ఎర్ర గాజులు. నుదుట బొట్టు. మెడలో పుస్తెలు లేవు, పసుపు కొమ్ము కట్టిన తాడు ఉంది. ఎవరు కట్టారు, తానే కట్టుకుందా, నేను అడగలేదు. బస్టాపులో ఆడవాళ్లు మాటలు ఆపేసి చూస్తున్నారు. ఒకామె ముక్కు మీద వేలేసుకుంది. మా చెల్లె ఎవరినీ చూడలేదు.

నేను దగ్గరికి పోయి నిలబడ్డాను. “చెల్లే” అన్నాను.

“సార్ ఏడేండ్లన్నడు గద” అంది, రోడ్డు వైపు చూస్తూనే. “ఏడేండ్ల దాంక నేను ఆయన భార్యనే. నడుమ ఎవ్వల మాట నాకు వద్దు.”

బస్సు వచ్చింది. ఆమె ముందు ఎక్కింది. ఇద్దరు కూర్చునే సీటులో కిటికీ పక్కన కూర్చుని, రెండోచోట తన సంచి పెట్టుకుంది. నేను జగిత్యాల దాకా నిలబడే పోయాను.